అన్నం పొట్లానికి షరతు ఉండకూడదు

సంపాదకులకు నమస్కారం.

తుపాను తీరం దాటిన మర్నాడే చర్చిల నుంచి వ్యాన్లు బయల్దేరతాయి. బియ్యం, దుప్పట్లు, బిస్కట్లు, పాత బట్టల మూటలు, ముందు ఒక ఫ్లెక్సీ. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. కానీ సర్వం పోగొట్టుకున్న మనిషి దగ్గరికి క్రీస్తు పేరు చెప్పుకుని వెళ్లేటప్పుడు మనసు మంచిదైతే చాలదు, చేసే పని కూడా సవ్యంగా ఉండాలి. ఆ పని ఎలా చెయ్యాలో, ఎక్కడ చెడుతుందో మీ పత్రిక ద్వారా సంఘపెద్దలకు, పాస్టర్లకు, విదేశాల నుంచి డబ్బు పంపే తెలుగు విశ్వాసులకు చెప్పదలిచాం.

ముందుగా షరతు సంగతి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం తానే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని ఎంతోమంది అడిగారు. కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఆయన పట్టుదల. సాయం ముగిశాకే 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె మన సంఘాల్లో చాలామందికి నోటికి వచ్చు. దానికి ముందు ఏడాదికి పైగా ఆయన ఆగిన సంగతి మాత్రం ప్రసంగాల్లో వినపడదు. మా దృష్టిలో ఆ ఆగడమే పెద్ద విషయం.

కాబట్టి సహాయ వ్యాన్లో కరపత్రాలు, కొత్త నిబంధన పుస్తకాలు ఎక్కించకండి. పొట్లం మీద వాక్యం అంటించకండి. వరుసలో నిలబెట్టి, తల వంచి ప్రార్థన చేయించి, ఆ తర్వాత బియ్యం పొయ్యడం అసలే వద్దు. ఏ మతాన్నో, రాజకీయాన్నో పెంచుకోవడానికి సాయాన్ని వాడరాదని 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, సహాయ సంస్థలు కలిసి నియమావళి రాసుకున్నాయి. అలా రాసుకున్నవాటిలో కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, ప్రపంచ చర్చిల మండలి కూడా ఉన్నాయి. అంటే ఇది మనవాళ్లు కూడా కూర్చుని ఒప్పుకున్న నియమమే. అలాగైతే మన సాక్ష్యం ఎక్కడ అని యూత్ పిల్లలు అడుగుతారు. మత్తయి 25వ అధ్యాయం తీసి చూడండి. ఆకలిగొన్నవాడికి పెట్టినవాళ్లకు, తాము ప్రభువుకే పెట్టామన్న సంగతి కూడా తెలియదు. అడిగి తెలుసుకున్నారు.

ఇక పంపకం. సాయం దాదాపు ఎప్పుడూ ఒకేచోట చెడుతుంది: తడవని అంచు దగ్గర. వ్యాను రోడ్డు ఉన్నంతవరకే వెళుతుంది, అక్కడ గుమికూడినవాళ్లకు పంచేసి తిరిగి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు కూడా ఇదే ఇబ్బంది. వంతెన దగ్గర ఉన్నవాళ్లకు పొట్లం మీద పొట్లం, లోపలి వీధుల్లో మేడ మీద చిక్కుకున్నవాళ్లకు మంచినీళ్ల సీసా కూడా గగనం. పల్లెల్లో అయితే ఎస్సీ పేట, యానాదుల కాలనీ, డ్రెయిన్ అవతలి మత్స్యకారుల గుడిసెలు, రొయ్యల చెరువుల మీద కాపలాకు వచ్చిన పరాయి ఊరివాళ్లు చివరికి మిగిలిపోతారు. రేషన్ కార్డు లేనివాళ్లు ఏ లిస్టులోనూ ఉండరు. బైబిల్లో, యెరూషలేములోని తొలి సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరిగిందని గొణుగుడు వచ్చినప్పుడు అపొస్తలులు ప్రసంగంతో సరిపెట్టలేదు. ఏడుగురిని ఏర్పాటు చేసి ఆ పని అప్పగించారు. మీరూ అదే చెయ్యండి.

మొదటి రోజు సరుకు తీసుకెళ్లకుండా ఇద్దరు ముగ్గురు వెళ్లాలి. వాళ్లలో కనీసం ఒక స్త్రీ ఉండాలి. గ్రామ సచివాలయం సిబ్బందిని, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని, ఊరికి అట్టడుగున ఉన్న ఇంటి నుంచి రోడ్డు వైపుకు ఇల్లిల్లూ తిరగాలి. ఇంట్లో ఎందరు, చంటిపిల్లలు, బాలింతలు, మంచాన పడ్డవాళ్లు, బీపీ షుగర్ మందులు పోయినవాళ్లు ఎవరెవరో రాసుకుని, ఇంటికొక నంబరు టోకెన్ చేతికివ్వాలి. సరుకు పొట్లాలు టోకెన్ల కంటే నూటికి పది ఎక్కువ కట్టాలి, ఎందుకంటే లిస్టులో తప్పిపోయినవాళ్లు తప్పకుండా వస్తారు. పంపకం చర్చి ఆవరణలో పెట్టకండి. వేరే మతంవాళ్లు మొహమాటపడతారు, పక్క సంఘంవాళ్లూ రారు. బడి ఆవరణ మేలు. చీకటి పడకముందే ముగించాలి. ముసలివాళ్లకు, గర్భిణులకు వేరే వరుస, కూర్చోవడానికి బెంచీ ఉండాలి. నడవలేనివాళ్ల వాటా ఇంటికి చేర్చాలి, పక్కింటివాళ్ల చేతికిచ్చి ఊరుకోకూడదు.

ఏం ఇవ్వాలి? మొదటి రెండు మూడు రోజులు వండిన అన్నమే. పొయ్యి తడిసిపోయి, గిన్నెలు కొట్టుకుపోయిన ఇంటికి బియ్యం మూట ఇస్తే దాన్ని చూస్తూ కూర్చోవాల్సిందే. వండినవాటిలో పులిహోర ఒక పూట ఆగుతుంది. సాంబారన్నం, పెరుగన్నం ఆగవు. వేడి వేడిగా ప్లాస్టిక్ కవరులో కట్టేస్తే లోపల ఆవిరి నీరై సాయంత్రానికి పాచి వాసన వస్తుంది, అది తిన్న పిల్లలకు వాంతులు పట్టుకుంటాయి. వెడల్పు పళ్లేల్లో ఆరబోసి, విస్తరాకులోనో కాగితంలోనో కట్టి, పొట్లం మీద వండిన టైము రాయండి. నాలుగు గంటలు దాటితే పంచకండి. ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు, అటుకులు, బ్రెడ్డు మంచి తోడు. నాలుగో రోజు నుంచి వారానికి సరిపడా సరుకులివ్వొచ్చు. ఐదుగురున్న ఇంటికి 12 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు, లీటరు నూనె, కిలో ఉప్పు, పావుకిలో కారం, అరకిలో చింతపండు, 100 గ్రాముల పసుపు, ఒక దాక, గరిటె, మూత ఉన్న బిందె, అగ్గిపెట్టెలు, రెండు సబ్బులు. పాలపొడి డబ్బాలు మాత్రం పంచకండి. మురికి నీళ్లలో కలిపిన డబ్బాపాలు విరేచనాలు తెస్తాయి, తల్లిపాలు మాన్పిస్తాయి. బాలింతకు రెండు పూటలా కడుపునిండా తిండి పెడితే బిడ్డకు పెట్టినట్టే. తల్లి లేని బిడ్డ ఉంటే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం చేతికి అప్పగించండి.

పాత బట్టల గురించి ఒక్క మాట. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో అవి రోడ్ల పక్కన కుప్పలుగా పడి తడిసి కుళ్లాయి. పంపకండి. కొత్త లుంగీ, నేత చీర, నైటీ, లోదుస్తులు, తువ్వాలు, శానిటరీ ప్యాడ్లు, దోమతెర, కప్పు మీద వేసుకోవడానికి ఒక మంచి టార్పాలిన్, దాన్ని కట్టుకోవడానికి తాడు. తాడు మరిచిపోతే టార్పాలిన్ రెండో గాలికి లేచిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద పని నీళ్లు. వరద తగ్గిన వారానికి మొదలయ్యే వాంతులు, విరేచనాలు, తర్వాత కొన్ని వారాలకు వచ్చే పచ్చకామెర్లు చాలావరకు నుయ్యి దగ్గరే పుడతాయి. మన సంఘాల్లో తెలియక చేసే పొరపాటు ఏమిటంటే బ్లీచింగ్ పౌడర్ గుప్పెళ్లతో నూతిలో చల్లడం. అది సున్నపు ముద్దై అడుక్కి పోతుంది, పైన తేలిన వాసన చూసి శుద్ధి అయిందనుకుంటారు. పద్ధతి ఇది. ముందు నుయ్యి వెడల్పు, నీటి లోతు కొలవండి. వెడల్పును వెడల్పుతో గుణించి, లోతుతో గుణించి, 3.14తో గుణించి, నాలుగుతో భాగించి, వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. కొలతలు మీటర్లలో ఉండాలి. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల నీళ్లున్న ఒరల నూతిలో సుమారు 9,400 లీటర్లుంటాయి. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల లెక్కన దీనికి 24 గ్రాములు చాలు. పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం ఉండాలి. చెమ్మ తగిలిన సంచిలో, ఎప్పుడో మూతి విప్పి వదిలేసిన సంచిలో అంత ఉండదు.

తూచిన పౌడర్‌ను ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో మీగడలా కలపాలి. ముప్పావు బకెట్ వరకు నీళ్లు పోసి కలియబెట్టి 5 నుంచి 10 నిమిషాలు వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లను మాత్రం ఇంకో బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో నూతిలోకి దించి, నీటి కిందకు ముంచి పైకీ కిందకీ బాగా ఆడించాలి. అడుగున మిగిలిన సున్నం పారబొయ్యాలి. గంటసేపు ఎవరూ తోడకూడదు. గంట తర్వాత క్లోరోస్కోపుతో (నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను చూపే పరికరం) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వరద నీరు కలిసిన నూతిలో బురదే క్లోరిన్‌ను తినేస్తుంది కాబట్టి చాలాసార్లు ఆ మాత్రం మిగలదు. అప్పుడు మళ్లీ వెయ్యాలి, మళ్లీ చూడాలి. వీలుంటే ముందు మోటారు పెట్టి బురద నీళ్లు తోడెయ్యడం మంచిది. క్లోరోస్కోపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోనో, గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గరో దొరుకుతుంది. అడగడానికి మొహమాటపడకండి. ఇంకొకటి, ఉప్పెన ఎక్కిన మంచినీళ్ల చెరువుకు క్లోరిన్ వేసి లాభం లేదు. ఉప్పు పోదు. చెరువు తోడి, కడిగి, మళ్లీ నింపుకునేదాకా ట్యాంకరే గతి. ఒక మనిషికి తాగడానికి, వంటకు, ఒళ్లు కడుక్కోవడానికి కలిపి రోజుకు 15 లీటర్లు లెక్క వేసుకోండి.

విరేచనాలు పట్టుకున్నవాళ్లకు ఓఆర్ఎస్ పాకెట్ మొత్తం ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో కలపాలి. గ్లాసుకు కాస్త చొప్పున కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. పాకెట్ లేకపోతే లీటరుకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచు సమంగా గీసి వెయ్యాలి. కలిపింది ఆ రోజుకే.

చనిపోయినవాళ్ల దగ్గర మనం మరీ తొందరపడుతున్నాం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది పోయారు. ఎన్నో శవాలు ఎవరివో తెలియకుండానే మట్టిలో కలిశాయి. శవాల వల్ల అంటురోగాలు వస్తాయన్న భయం ఇంకా ఉంది. వరదలోనో తుపానులోనో పోయినవాళ్ల దేహాల వల్ల ఊరికి రోగం రాదు. మోసేవాళ్లు గ్లౌజులు, బూట్లు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కుంటే చాలు. కాబట్టి ముందు ఫొటో తియ్యండి, దొరికిన చోటు రాయండి, బట్టలు, పుస్తెలు, ఉంగరం, పుట్టుమచ్చ రాయండి, నంబరు చీటీ ఒంటికి కట్టండి, పోలీసులకు చెప్పండి. పంచనామా లేకపోతే మృతుల కుటుంబానికి వచ్చే 4 లక్షల రూపాయల పరిహారం చిక్కుల్లో పడుతుంది. మరణ నమోదు 21 రోజుల్లోగా చేయించాలి. గడువు దాటితే ఆలస్య రుసుము, తర్వాత అధికారుల అనుమతి, ఆఫీసుల చుట్టూ తిరగడం. కడుపుకోతలో ఉన్న తల్లికి ఈ లెక్కలు గుర్తుండవు. సంఘంలో చదువుకున్న ఒక అబ్బాయినో అమ్మాయినో ఆ కుటుంబానికి అంటిపెట్టి ఉంచి సచివాలయం, పోలీస్ స్టేషన్, బ్యాంకు పనులు చూడమనండి. ఇది ఏ బియ్యం మూటకూ తీసిపోని సేవ. దహనమో, ఖననమో ఆ ఇంటి ఆచారం ప్రకారమే జరగాలి. క్రైస్తవులు కానివాళ్ల శవం దగ్గర వాళ్లు అడగకుండా మన ప్రార్థన పెట్టడం సేవ కాదు.

ఇక మాటలు. ఓదార్చబోయి గాయం చేసే మాటలు మనకు కొన్ని అలవాటైపోయాయి. "దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడమ్మా." "ఊరి పాపం పండింది." "ఏడవకూడదు, మనకు నిరీక్షణ ఉంది." ఈ మూడూ వాక్యానికి సరిపోవు. సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు తక్కినవాళ్ల కంటే పాపులని అనుకోవద్దని ప్రభువే అన్నాడు. లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిందీ దుఃఖపడొద్దని కాదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని. "ఏడ్చువారితో ఏడువుడి" అని రోమా పత్రికలో ఉన్నది ఆజ్ఞ. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతనితో కూర్చుని నోరు మెదపలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు విప్పాక అంతా చెడింది.

మరి ఏం చెయ్యాలి? ఇద్దరుగా వెళ్లండి, గుంపుగా వద్దు. బైబిలు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడకుండా చాప మీదనో, లేకపోతే నేల మీదనో వాళ్ల ఎత్తున కూర్చోండి. "మీ అబ్బాయి పేరేంటమ్మా?" అని అడగండి. పేరు చెప్పించుకోవడంతోనే మాట వస్తుంది. చెప్పిందే మళ్లీ చెప్పినా వినండి. "నువ్వు ఆ రాత్రి ఇంట్లోంచి ముందే వచ్చేసి ఉంటే" అనే మాట మన నోట రాకూడదు, వాళ్లే అనుకుని కుమిలిపోతుంటారు. వాళ్లు అడిగితే ప్రార్థన చెయ్యండి, రెండు నిమిషాలు చాలు, మైకు అక్కర్లేదు. మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పి, చెప్పిన రోజున వెళ్లండి. పిల్లలు శవాలను చూసి ఉంటే వాళ్లను ఆటల్లో, బడిలో తొందరగా పెట్టాలి. రాత్రుళ్లు ఉలిక్కిపడుతుంటే తిట్టకూడదు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేక, చచ్చిపోతే బాగుండునని అంటున్నవాళ్లను ఒంటరిగా వదలకండి. పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థన చేస్తున్నాం కదా, డాక్టరు ఎందుకు అనే పాస్టర్లకు మా విన్నపం ఒక్కటే: కాలు విరిగితే కట్టు కట్టిస్తారు కదా.

డబ్బు విషయంలో కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయం మన ఆడిటింగ్ పాఠం. కానుక ఒక్కడే మోసుకెళ్లకుండా సంఘాలు ఏర్పరచిన మనిషిని పౌలు వెంట తీసుకెళ్లాడు, ఎవరూ తప్పుపట్టకూడదని. నగదుకొక పుస్తకం, సరుకు రాకపోకలకొక పుస్తకం, తీసుకున్నవాళ్ల సంతకం లేక వేలిముద్రతో పంపకానికొక పుస్తకం పెట్టి, బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడపండి. పని ముగిశాక లెక్క చర్చి గోడకు అంటించండి. దాతలకు ఫొటో కావాలంటే సరుకు గుట్టను, సంతకాల పేజీని తీసి పంపండి. చెయ్యి చాచిన ముసలమ్మ ముఖం వాట్సాప్‌లో తిరగాల్సిన పని లేదు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగు విశ్వాసులు ప్రేమతో నేరుగా పాస్టరు గారి సొంత ఖాతాకు పంపుతున్నారు. ఇందులో చట్టం చిక్కు ఉంది. భారత పౌరుడిగానే ఉండి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, సేవా పనులకు పంపేది విదేశీ విరాళమే. అక్కడి సంఘాలు పంపేదీ అంతే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉన్న సంస్థే తీసుకోవాలి. అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు మళ్లించడానికీ వీల్లేదు. చిన్న సంఘాలు చెయ్యగలిగింది ఏమిటంటే, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ పంపకానికి తమ మనుషులను, తమ లిస్టును అందించడం. దేశ విభజన శరణార్థుల కోసం 1947లో మొదలై, దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తాలో తుపాను షెల్టర్లు కట్టించిన చర్చిల సేవా సంస్థ కాసా లాంటివి అందుకు ఉన్నాయి.

తుపాను రాకముందు చెయ్యాల్సిందీ ఉంది. చర్చి శ్లాబుదా, రేకులదా? రేకుల చర్చిలోకి జనాన్ని పిలవకండి, గాలికి లేచిన రేకు కత్తి కన్నా ప్రమాదం. శ్లాబు ఉండి, మెరక మీద ఉంటే తహశీల్దారుకు ముందే చెప్పి పునరావాస కేంద్రాల లిస్టులో చేర్పించండి. 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న హాలు 223 చదరపు మీటర్లు. మనిషికి మూడున్నర చదరపు మీటర్ల లెక్కన రోజుల తరబడి ఉండాలంటే 63 మందికే చాలుతుంది. ఒక్క రాత్రికి ఇంకా ఎక్కువమంది ఇరుక్కుని కూర్చోవచ్చు, కానీ మరుగుదొడ్డి ఇరవై మందికి ఒకటి కావాలి, ఆడవాళ్ల వైపు దీపం ఉండాలి. పీఠం ఎదురుగా ఎవరు పడుకున్నారు, చెప్పులతో ఎవరు వచ్చారు అన్న మాటలు ఆ రాత్రి వద్దు. మేకను తోలుకొచ్చినవాళ్లను కూడా వెనక్కి పంపకండి, ఆ మేక కోసమే చాలామంది గుడిసె వదలరు.

వ్యాన్లన్నీ పదిహేను రోజుల్లో వెళ్లిపోతాయి. అసలు కరువు మూడో నెలలో మొదలవుతుంది: వడ్డీకి తెచ్చిన డబ్బు, వల లేని పడవ, ఉప్పెక్కిన పొలం, బడి మానేసిన పిల్ల. కానుకలో సగం మొదటి నెల ముట్టుకోకుండా దాచమని సంఘాలకు మా సలహా.

మీ పత్రికకు ఒక విన్నపం. అక్టోబరు మొదటి వారంలో జిల్లా ఎడిషన్లలో మండలాల వారీగా తుపాను షెల్టర్లు, పునరావాస కేంద్రాల జాబితా, రాష్ట్ర కంట్రోల్ రూం 1070, జిల్లా కంట్రోల్ రూం 1077, అంబులెన్స్ 108 నంబర్లు, ఏ పత్రానికి ఏ ఆఫీసుకు వెళ్లాలో ఒక పేజీగా వెయ్యండి. కత్తిరించి చర్చి నోటీసు బోర్డుకు అంటించే పని సంఘాలు చూసుకుంటాయి.

ఇట్లు,
కోస్తా జిల్లాల్లో తుపాను సహాయ పనులు చేసే కొందరు సంఘ కార్యకర్తలు